గీత గీయక ముందే అడగాల

జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్‌కి 2020లో శంకుస్థాపన చేశారు. ఇకమీద మన తీరానికి ఇట్టాంటి పెద్ద పని ఏదొచ్చినా నేనడిగేది ఒకటే: ప్లాను గీయక ముందు ఊరోళ్లని అడిగారా?

2006 పర్యావరణ నోటిఫికేషన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ ఉండాది. కానీ అది ముసాయిదా నివేదిక తయారయ్యాక. అప్పటికే గోడ యాడ, రోడ్డు యాడ అన్నీ కాగితం మీదకు ఎక్కేసుంటాయి. ఇసక ఏ కాలంలో ఎటు కొట్టకపోతాదో, చిన్న పడవ యాడ దిగాలో గంగపుత్రులకు తెలుసు. ఆ మాట ముందే వింటే గీత చెరిపితే సరిపోతాది; కట్టినాకైతే కోట్లు పోయాల.

తమ్ముళ్లూ, సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇయ్యాల, నివేదిక సారాంశం తెలుగులో ఉండాల. అది చదివి, మీ మాట రాసియ్యండి. ఇంకా మేలు, నివేదికలో ఏమేం తేల్చాలో ఖరారు చేసే స్కోపింగ్ దశలోనే గ్రామసభ తీర్మానం కలెక్టరుకు పంపండి.