ఎక్కడికని అడిగినవాళ్ళు లేరు

మా ఉప్మాక వెంకన్నకి ఫాల్గుణ శుద్ధ ఏకాదశినాడు కల్యాణం. నాలుగురోజుల ముందునుంచే నక్కపల్లి చుట్టుపట్ల ఏ ఊళ్ళో చూసినా ఒకటే పిలుపు. కళ్ళంలో ఉన్నవాణ్ణి గట్టుమీంచి పోయేవాడు కేకేస్తాడు. నూతిదగ్గరున్న కోడల్ని వీధిలోంచి పొరుగింటావిడ పిలుస్తుంది. "తీర్థానికి ఎల్దమొస్తవా?" అని.

చదువరులు గమనించారో లేదో, ఆ ఒక్క ముక్కలో రెండు క్రియలున్నాయి. "వెళ్దాం" అన్నది నిశ్చయం. "వస్తావా" అన్నది ప్రశ్న. పిలిచేవాడు తను వెళ్ళడానికి అప్పుడే సిద్ధపడిపోయాడు. నిన్ను మాత్రం బలవంతం చెయ్యడు, అడుగుతాడు. పొమ్మని పంపేవాడికీ, పోదాం రమ్మని పిలిచేవాడికీ ఎంత తేడా ఉందో మా వైపు పల్లెటూరివాళ్ళకి వ్యాకరణం చదవకుండానే తెలుసు.

ఈ పిలుపునే పట్టుకుని వంగపండు ప్రసాదరావుగారు ఒక పాట కట్టారు. "ఏం పిల్లడో ఎల్దమొస్తవా" అన్న పాట తెలియని తెలుగువాడు ఉండడు. కాని ఆ పాట వచ్చునన్నవాళ్ళలో నూటికి తొంభైమందికి పల్లవే వచ్చు. పెళ్ళి ఊరేగింపుల్లో, వినాయకుడి నిమజ్జనాల్లో, కాలేజీ వార్షికోత్సవాల్లో ఆ పల్లవి రాగానే కుర్రాళ్ళు రుమాలు నోట కరుచుకుని గంతులేస్తారు. చరణం మొదలయ్యేసరికి ఆ డీజే కుర్రాడెవడో మీట నొక్కి ఇంకో పాటలోకి దూకేస్తాడు. పోయిన వేసవిలో మా బంధువులింట్లో పెళ్ళికి ఇది వేస్తూంటే ఒక పెద్దాయన మొహం చిట్లించి, "పెళ్ళికూతురి ముందు ఈ లేవదీసుకుపోయే పాటేవిట్రా!" అని కసిరాడు. ఆయన తప్పేముంది? పల్లవి ఒక్కటీ వింటే ఎవరో కుర్రాడు ఎవరో పిల్లని ఎక్కడికో రమ్మంటున్నట్టే ఉంటుంది. అసలు "పిల్లడు" అంటే మగపిల్లవాడు కదా, ఇది మగవాడు ఆడపిల్లని పిలిచే పాట ఎలా అవుతుందని ఒక్కరికీ అనుమానం రాలేదు. తాళం అంత గట్టిది మరి.

నాకీ గొడవ నెత్తికెత్తినవాడు మా మేనల్లుడు. విశాఖలో ఉద్యోగం. వాడి చెవుల్లో ఎప్పుడూ శనగగింజలంత యంత్రాలు రెండుంటాయి. వాటిలోంచి వాడు వినేది రాప్. తాళం తప్పకుండా మాటల్ని వడివడిగా విసిరే అమెరికా నీగ్రోల... క్షమించాలి, ఇప్పుడు ఆ మాట వాడకూడదట, నల్లజాతివారి పాట. వాడి ఆరాధ్యదైవం టూపాక్ షకూర్ అనే అతను. 1996లో లాస్ వేగాస్‌లో ఎవరో తుపాకీతో కాలిస్తే ఇరవై అయిదేళ్ళకే పోయాడు. 1991లో అతని మొదటి రికార్డు వచ్చింది. మరుసటేడు అమెరికా ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ స్వయంగా, ఇటువంటిదానికి మన సమాజంలో చోటు లేదని ప్రకటించాడు. అదే రికార్డులో, ఇంకా పన్నెండేళ్ళు దాటకుండానే తల్లయి దిక్కులేకపోయిన ఒక పసిపిల్ల కథ కూడా ఉంది. ఉపాధ్యక్షులవారు అంతదాకా విన్నారో లేదో! మా వాడంటాడూ, "తిట్లు వినిపించినంత సులువుగా ఏడుపు వినిపించదు మావయ్యా" అని. కుర్రవాడైనా మాట పట్టుగా అన్నాడు.

వాడే ఒకనాడు ఫోను చేసి అడిగాడు. "మావయ్యా, ఎల్దమొస్తవా పాట పూర్తిగా విన్నాను. అందులో సెవులపిల్లి అంటాడు, చెవులున్న పిల్లి ఏటి? పిల్లులన్నిటికీ చెవులుంటాయి గదా?"

చెవులపిల్లి అంటే కుందేలురా అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "అయితే కుందేళ్ళు శంఖం ఊదుతాయన్నమాట" అన్నాడు, నెమ్మదిగా.

ఆ రాత్రి నేనూ కూచుని పాట మొదటినుంచి చివరిదాకా మళ్ళీమళ్ళీ పెట్టించుకు విన్నాను. శ్రీకాకుళం కొండల్లో చిలకలు కత్తులు ఝళిపిస్తున్నాయి. సాలూరు అవతల సవరల కొండమీద కుందేళ్ళు శంఖారావం చేస్తున్నాయి. చిలక ఎవరు? పంజరంలో పెట్టి నేర్పిన మాట పలికించే పిట్ట. కుందేలెవరు? ఆకు కదిలితే పరుగెత్తే ప్రాణి. పంచతంత్రం చదివిన జాతి మనది. జంతువుల పేరు చెప్పి మనుషుల సంగతి చెప్పడం మనకి కొత్త కాదు. పోతే, ఇంకొక విశేషం ఉంది. ఈ వింతల చివర "అట" అంటాడు కవి. తను చూశానని అనడు. ఎవరో చెప్పగా విన్నాడు. సంతలో విన్నాడో, బస్సులో విన్నాడో. అక్కడ ఇలా జరుగుతోందట, పోయి చూద్దాం, వస్తావా అంటున్నాడు. పోరాటం వార్త పత్రికలు చదవని పల్లెల్లో ఆ "అట" మీదనే ఊరూరా నడిచిందని నాకు గట్టి నమ్మకం.

ఇంతకీ అక్కడ జరిగిందేమిటి? ఆ పాటలోని శ్రీకాకుళం ఇప్పటి చిన్న జిల్లా కాదని ముందు చెప్పాలి. పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి అన్నీ 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేదాకా శ్రీకాకుళం కిందవే. ఆ మన్యంలో సవరలూ, జాతాపులూ తరతరాలుగా కొట్టుకున్న పోడు. మైదానంనుంచి ఉప్పూ, పొగాకూ, గుడ్డా పట్టుకెళ్ళిన షావుకారు అప్పిచ్చాడు. అప్పు పెరిగింది. భూమి చేతులు మారింది. భూమి ఇచ్చుకున్నవాడు అదే భూమిలో వెట్టికి దిగాడు. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం అని ఇద్దరు బడిపంతుళ్ళు. గిరిజనులకి అక్షరాలతోపాటు లెక్కలు కూడా నేర్పారు. లెక్కలు వస్తే అప్పు పత్రం చదువుకోవచ్చు గదా, తగవంతా అక్కడే మొదలు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకి పోతున్న గిరిజనులమీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు పోయారు. ఆ తరవాతే కొండలు అంటుకున్నాయి. జముకులకథ కట్టి ఊరూరా చెప్పిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో, పంతుళ్ళిద్దరూ 1970 జూలైలో పోలీసుల చేతుల్లో హతమయ్యారు. షావుకార్లూ పోయారు, పోలీసులూ పోయారు. అందరికంటే ఎక్కువమంది ఏ పుస్తకంలోనూ పేరులేని కొండవాళ్ళు పోయారు. తుపాకీ పట్టిన మార్గంమీద నాకు భ్రమలు లేవు. కాని ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పరం కాకూడదని కట్టడి చేసిన 1/70 చట్టం సరిగ్గా 1970లోనే రావడం కాకతాళీయమని ఎవరైనా అంటే, వారితో వాదించే ఓపిక కూడా నాకు లేదు.

వంగపండు ఆ నేలమీదివాడే. 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టాడు. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశాడు. పొద్దున్నించి సాయంత్రందాకా ఇనుముతో సావాసం చేసినవాడు గనుకనే, యంత్రం ఎలా నడుస్తుందో చెప్పే ఇంకొక పాట కట్టగలిగాడు. అది ఇంగ్లీషులోకి కూడా వెళ్ళింది. 1972లో మొదలైన జననాట్యమండలిలో గద్దర్‌తో కలిసి నడిచాడు. కాలికి గజ్జె కట్టి, ఆడుతూ, పాడుతూ, మధ్యమధ్య వచనం చెబుతూ జనాన్ని కూచోబెట్టేవాడు. భాష మాత్రం మార్చుకోలేదు. రాజమండ్రివారికి అర్థంకాకపోతే వారే నేర్చుకుంటారన్నట్టు "ఎల్దాం" అనే అన్నాడు, "వెళదాం" అనలేదు. మా ప్రాంతంవాళ్ళం సభల్లో మైకు ముందుకి రాగానే నాలుక సవరించుకుని కృష్ణాజిల్లా తెలుగు మాట్లాడే రకం. ఆయన ఆ పని చెయ్యకపోవడం ఒక్కదానికే ఆయనకి దండం పెట్టవచ్చు.

ఈ పాట 1986లో ఆర్. నారాయణమూర్తిగారి "అర్ధరాత్రి స్వతంత్రం" చిత్రంలోకి వచ్చింది. అక్కడ దాని మానం దానికి దక్కింది. 2009లో "మగధీర" వచ్చింది. అందులో నాయికా నాయకుల యుగళగీతంలోకి ఈ పల్లవి వచ్చి చేరింది. తన అనుమతి లేకుండా తన మాట వాడుకున్నారని వంగపండు అభ్యంతరం చెప్పడం, ఆ సంగతి పత్రికల కెక్కడం చాలామందికి జ్ఞాపకమే ఉంటుంది. డబ్బు తగవుకింద దాన్ని చూసి నవ్వినవాళ్ళు లేకపోలేదు. నాకు మాత్రం అది కేవలం డబ్బు తగవులా కనబడలేదు. ఆ పిలుపులో "ఎక్కడికి" అన్నది తీసేస్తే మిగిలేది లేవదీసుకుపోవడమే. మా పెద్దాయన అన్నమాట అప్పుడు అక్షరాలా నిజమవుతుంది.

మేనల్లుడి అమెరికా గాయకుడి బాధ వేరు, వంగపండు బాధ వేరు. అక్కడ మాట కరుకు. ఆ కరుకుదనం చూసి పెద్దమనుషులు చెవులు మూసుకున్నారు. ఇక్కడ మాట మెత్తన, తాళం తియ్యన. జనం చెవులు బార్లా తెరిచి, తియ్యదనం మట్టుకు పుచ్చుకుని, మాటని బయటే నిలబెట్టారు. రెంటిలో ఏది పెద్ద అన్యాయమో తేల్చడం కష్టం. తియ్యదనం ఎందుకు పెట్టాలి, కోపంగానే చెప్పవచ్చు గదా అని మా వాడు అడిగాడు. కోపంగా చెబితే కొండవాడు రాడు. వాడితో అప్పటికే షావుకారు కోపంగా మాట్లాడాడు, ఫారెస్టు గార్డు కోపంగా మాట్లాడాడు, పోలీసు సరేసరి. తీర్థానికి పిలిచినట్టు, పక్కన నడుస్తానని చెప్పి పిలిచినవాడు వాడికి ఒక్కడైనా ఉండాలి. కవి ఆ గొంతు ఎరువు తెచ్చుకున్నది మా కల్యాణం పిలుపులాంటి పిలుపుల్లోంచే.

వంగపండు 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశారు. కరోనా రోజులు. గడప దాటడానికే జనం జంకుతున్న వేళ, "ఎల్దమొస్తవా" అన్న మనిషి ఒంటరిగా వెళ్ళిపోయాడు. ఆ వారమంతా సెల్‌ఫోన్లలో ఆ పల్లవి మారుమోగింది. చాలామటుకు పల్లవే.

ఈ విషయాలు ఇంట్లో చెబుతూంటే, మా వీధిలో ఒకావిడ విని నవ్వింది. అరవై దాటిన మనిషి. మా ఊరి కోడలు, పుట్టిల్లు పార్వతీపురం వైపు పల్లె. ఆవిడకి రాప్ తెలియదు, 1/70 తెలియదు. పాట మాత్రం చరణాలతోసహా నోటికి వచ్చు.

"చిన్నప్పుడు రాత్రి పూట మా ఊరి రచ్చబండకాడ ఎవలో పాడీవోరు బాబూ. పాట మొదలెట్టగానే మా అమ్మ లేచి తలుపు గొళ్ళెం ఎట్టీసీది. మా అన్నకి అప్పుడు పద్దెనిమిదేళ్ళు. అమ్మ తలుపుకి అడ్డంగా తుంగచాప ఏసుకుని పడుకునీది. దాటుకుని ఎల్లాలంటే దాన్ని తొక్కుకుని ఎల్లాలి గదా మరి."

పాటంటే అమ్మకి అంత కోపమా అని అడిగాను.

"కోపమేటి బాబూ! తొంగునీ అదే కూనిరాగం తీసీది. దానికీ ఇష్టమే."

మీ అన్న వెళ్ళాడా అన్నాను.

"ఎల్లలేదు. రైల్వేలో గేంగుమేను అయ్యేడు, పింఛనొస్తంది. మొన్న మనవరాలి పెళ్ళిలో ఆ పాటేస్తే పిల్లలందరూ తాతా రా, తాతా రా అని లాగేరు. చెయ్యి ఇదిలించుకుని సీకట్లోకి ఎల్లిపోయేడు. బోయినాల ఏలకి గాని రాలేదు."