పరీక్ష కూడా ఒక అమానతే

గత మాసం ఒక జుమా నాడు నమాజు ముగిసి జనం వెళ్లిపోయిన తర్వాత, ఎచ్చెర్లలో దర్జీ పని చేసుకుంటున్న ఒక పెద్దమనిషి మసీదు గుమ్మం దగ్గర ఆగిపోయారు. కొంతసేపు చెప్పులు వెతుకుతున్నట్టు తచ్చాడి, చివరకు అసలు మాట చెప్పారు. "హజ్రత్, మా అమ్మాయి పరీక్ష తప్పింది. ఈసారైనా గట్టెక్కేలా ఏదైనా వజీఫా చెప్పండి. తావీజు అయినా సరే."

ఆ అమ్మాయిని మేమెరుగుదుము. పాతికేళ్ల కిందట మా మక్తబ్‌లో ఖాయిదా పట్టుకుని కూర్చున్న పిల్లే. బీఎస్సీ నర్సింగ్ చదివింది. నాలుగేళ్లు సౌదీలో పనిచేసింది. అక్కడి నుండి భర్తతో అమెరికా చేరి, టెక్సాస్ రాష్ట్రంలో ఒక ఆసుపత్రి ఐసీయూలో రాత్రి డ్యూటీ చేస్తోంది. ఆ డ్యూటీ చేస్తూనే, నాలుగేళ్ల బాబును పెంచుకుంటూనే, నర్స్ ప్రాక్టీషనర్ కావడానికి మాస్టర్స్ పూర్తి చేసింది. పట్టా చేతికొచ్చింది. కొత్త ఉద్యోగం ఇస్తామని మాట కూడా వచ్చింది. మధ్యన మిగిలింది సర్టిఫికేషన్ పరీక్ష ఒక్కటే. అదే తప్పింది. రెండోసారి కూడా తప్పితే ఆ ఉద్యోగం మరొకరికి పోతుంది. బంధువర్గంలో అప్పుడే మాటలు మొదలయ్యాయి: "ఉన్న ఉద్యోగం చాలదా? ఆడపిల్లకు ఇంకా ఎంత చదువు?"

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆమె మాస్టర్స్‌లో చేరినప్పుడు ఆ తండ్రి మమ్మల్ని సలహా అడిగారు. మేము కూడా ఇంచుమించు ఆ మాటే అన్నాము. ఆ చదువు ఏమిటో, దేనికో తెలుసుకోకుండా అన్నాము. అందుచేత ఈసారి వజీఫా సంగతి పక్కనపెట్టి, ముందు ఆమెతోనే మాట్లాడదలచాము.

ఆమె ఓపికగా వివరించింది. మామూలుగా నర్సు వైద్యుని ఆదేశాల మేరకు చికిత్స అందిస్తుంది. నర్స్ ప్రాక్టీషనర్ తానే రోగిని పరీక్షిస్తుంది, ఏ పరీక్షలు చేయించాలో నిర్ణయిస్తుంది, జబ్బును గుర్తిస్తుంది, మందులు రాస్తుంది. ఆ అధికారం ఎంతవరకన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో విధంగా ఉంటుంది. టెక్సాస్‌లో మందులు రాయాలంటే వైద్యునితో లిఖిత ఒప్పందం తప్పనిసరి. ఈ వృత్తికి 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి నాంది పలికారు. వైద్యులు అందుబాటులో లేని చోట్ల పిల్లలకు చికిత్స అందించడమే నాటి ఉద్దేశం. తర్వాతి కాలంలో అందులో శాఖలు ఏర్పడ్డాయి. మన అమ్మాయి ఎంచుకున్నది అక్యూట్ కేర్ శాఖ, అంటే హఠాత్తుగా ప్రాణం మీదికి వచ్చిన వారిని చూసే శాఖ.

పరీక్ష మూడున్నర గంటలు. ప్రశ్నలు 175. వాటిలో మార్కులకు లెక్కించేవి 150 మాత్రమే. మిగిలిన 25 ముందుముందు వాడదలచిన ప్రశ్నలను సరిచూసుకోవడానికి కలిపినవి. ఏవి అవో రాసేవారికి తెలియదు, కాబట్టి అన్నింటికీ ఒకే శ్రద్ధతో జవాబు చెప్పాలి. నెగ్గినా ఆ సర్టిఫికెట్ ఐదేళ్లకే. తర్వాత చదువు, పని కొనసాగిస్తున్నట్టు చూపి పునరుద్ధరించుకోవాలి.

"మరి ఎందుకు తప్పావమ్మా?" అని అడిగాము.

"అంకెలన్నీ నోటికి వచ్చు హజ్రత్. ఏ అంకె ఎక్కడ వాడాలో అక్కడ తడబడ్డాను" అంది. రెండు ఉదాహరణలు కూడా చెప్పింది.

మొదటిది. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని, వెంటిలేటర్‌పై ఉన్న రోగికి ఒక్కో శ్వాసకు ఎంత గాలి ఇవ్వాలి? కిలోకు 6 మిల్లీలీటర్ల లెక్కన మొదలుపెట్టాలని పుస్తకం. ఎన్ని కిలోలకు? రోగి అసలు బరువుకు కాదు, ఆ ఎత్తు మనిషికి ఉండవలసిన బరువుకు. శరీరం లావెక్కినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు కదా. అయిదడుగుల స్త్రీకి ఆ లెక్కలో బరువు 45.5 కిలోలు, ఇవ్వవలసిన గాలి సుమారు 273 మిల్లీలీటర్లు. ఆమె 80 కిలోలు తూగుతోందని అదే 6తో గుణిస్తే 480 వస్తుంది. అసలే దెబ్బతిన్న ఊపిరితిత్తులు ఆ ఒత్తిడికి మరింత చెడిపోతాయి. కిలోకు 12 మిల్లీలీటర్లు ఇచ్చిన రోగులను, 6 ఇచ్చిన రోగులను పోల్చి చూసిన ఒక పెద్ద పరిశోధన 2000లో వెలువడింది. మొదటి వర్గంలో మరణాలు నూటికి 39.8, రెండో వర్గంలో 31. అంకె నోటికి వచ్చినా బరువు ఏదో తెలియకపోతే జవాబు తప్పు.

రెండోది మన జిల్లా వారికి ఇంకా దగ్గరిది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. దాని కోసమే పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. కిడ్నీలు పనిచేయని మనిషికి డయాలసిస్ తప్పిపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. ఇసిజిలో ఆ మార్పు కనబడుతుంటే మొదట ఏమివ్వాలి? ఇన్సులిన్‌ను గ్లూకోజ్‌తో ఇస్తే పొటాషియం రక్తంలో నుండి కణాలలోకి వెళుతుంది. డయాలసిస్ దానిని ఒంట్లో నుండి తీసేస్తుంది. కాని మొట్టమొదట ఇవ్వవలసింది కాల్షియం. అది పొటాషియంను కొంచెమైనా తగ్గించదు, గుండెను మాత్రం కాపాడుతూ మిగిలిన చికిత్సకు వ్యవధినిస్తుంది. ప్రశ్నలో "మొదట" అన్న ఒక్క మాటను కంగారులో చదవకుండా దాటిపోయిందట. మూడూ సరైన చికిత్సలే. వరుస తప్పితే జవాబూ తప్పే. పరీక్షలో పోయేది ఒక మార్కు, వార్డులో అయితే ఒక మనిషి.

ఇది విన్న తర్వాత మాకు హిజ్రీ 319, అంటే క్రీ.శ. 931 నాటి బాగ్దాదు గుర్తుకు వచ్చింది. ఒక వైద్యుని పొరపాటు వల్ల రోగి మరణించాడని తెలిసి, ఖలీఫా అల్ ముఖ్తదిర్ ఒక ఆజ్ఞ జారీ చేశారు. ప్రధాన వైద్యుడైన సినాన్ ఇబ్న్ సాబిత్ పరీక్షించి అనుమతించనిదే నగరంలో ఎవరూ వైద్యం చేయరాదని దాని సారాంశం. పేరు ప్రఖ్యాతులున్న వారిని మినహాయించగా, పరీక్షకు నిలిచినవారు 860 మందికి పైనే అని చరిత్రకారులు రాశారు. అంతకు మూడు శతాబ్దాల ముందే దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) వైద్యం ఎరుగనివాడు వైద్యానికి పూనుకుంటే జరిగే హానికి అతడే బాధ్యుడని స్పష్టం చేశారు. అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఈ విషయం ఉంది. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన సఅద్ ఇబ్న్ ముఆజ్ (రజి) గారిని చికిత్స కోసం అప్పగించింది హజ్రత్ రుఫైదా (రజి) అనే మహిళకు. ఆమె ఆడమనిషా అని కాదు, ఆమెకు ఆ పని తెలుసా అని చూశారు.

కనుక ఆ తండ్రితో మేమన్నది ఇదే. "దుఆ తప్పక చేస్తాము. కాని పరీక్ష గట్టెక్కించే చీటీ మా వద్ద లేదు. ఉందనుకుందాం. మీ అమ్మాయికి కాల్షియం సంగతి తెలియకుండానే ఆ చీటీ ఆమెను నెగ్గించిందనుకుందాం. రేపు ఆ మంచం మీద పడుకునేది ఎవరి తండ్రో కదా. ఆ పరీక్ష ఆ రోగి తరఫున అడుగుతున్న ప్రశ్న. దానికి నిజాయితీగా జవాబు చెప్పడం అమానత్."

అమ్మాయికి మాత్రం మాకు తెలిసినదొకటి చెప్పాము. మాకు వైద్యం తెలియదు. కంఠస్థం చేయించడం, చేసినది నిలుపుకునేలా చూడటం ముప్పై ఏళ్లుగా మా పని. హిఫ్జ్ చేసే పిల్లవానికి రోజూ మూడు పాఠాలుంటాయి. సబఖ్, అంటే ఈ రోజు కొత్త పాఠం. సబ్ఖీ, అంటే గడచిన కొద్ది రోజుల పాఠాలు. మన్‌జిల్, అంటే ఎప్పుడో పూర్తయిన పాత భాగం. కొత్తదాని మోజులో పాతది వదిలినవాడు ఆరు మాసాలు తిరిగేసరికి ఖాళీ చేతులతో నిలబడతాడు. ఆమె గుండె జబ్బుల భాగాన్ని మొదటి మాసంలో చదివి మళ్లీ తెరవలేదట. ఇప్పుడు రోజూ కొత్త భాగంతో పాటు ఆ వారం చదివినది కొంత, పాతది కొంత చూసుకోమన్నాము.

రెండో మాట. ముస్‌హఫ్ చూస్తూ పదిసార్లు చదివినవాడు తనకు వచ్చేసిందనుకుంటాడు. మూసి మరొకరికి అప్పజెప్పినప్పుడే ఎక్కడ ఆగుతాడో తెలుస్తుంది. నోట్సు మళ్లీ మళ్లీ చదవడం కన్నా, ముందు ప్రశ్న పెట్టుకుని జవాబు చెప్పుకుని, తర్వాత పుస్తకం తెరవడం మేలు. తప్పిన ప్రతి జవాబునూ ఒక పుస్తకంలో రాసి, పక్కన కారణం రాయాలి: తెలియక తప్పిందా, తెలిసీ ప్రశ్న సరిగా చదవక తప్పిందా. రెండింటికీ మందు వేరు.

మూడోది ముతషాబిహాత్. ఒకేలా వినిపించే ఆయతుల దగ్గర హాఫిజ్ తెలియకుండానే ఒక సూరాలో నుండి మరో సూరాలోకి జారిపోతాడు. అందుకే వాటిని పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న చోటును గుర్తు పెట్టిస్తాము. ఇది చెప్పగానే ఆమె నవ్వి, "మాకూ ఉన్నాయి హజ్రత్! డోపమిన్, డోబుటమిన్" అంది. రెండూ గుండెకు సంబంధించిన మందులే, పేర్లు కవలలే. మొదటిది మోతాదు పెరిగేకొద్దీ రక్తనాళాలను బిగించి రక్తపోటు పెంచుతుంది. రెండోది గుండె కొట్టుకునే బలాన్ని పెంచుతుంది కాని, ఒక్కోసారి రక్తపోటును తగ్గిస్తుంది కూడా. అటువంటి జంటలకు ఒక పట్టిక రాసుకుంటానంది.

చివరకు, "ఇంట్లో ఏదైనా ఇబ్బందా బేటీ?" అని అడిగాము. చాలాసేపు జవాబు రాలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. ఆమె రాత్రి డ్యూటీ ముగించి ఇల్లు చేరేది అక్కడ ఉదయం ఎనిమిదింటికి. మనకప్పుడు మగ్రిబ్ ముగిసి, ఇంటిల్లిపాదీ తీరికగా కూర్చునే వేళ. అమ్మీ ఫోను, తర్వాత ఖాలా ఫోను, తర్వాత పెళ్లి కబురుతో ఫుఫూ ఫోను. ఇషా దాకా ఒకరి తర్వాత ఒకరు. ఆమెకు నిద్రపట్టేసరికి బాబు లేస్తాడు. చదవవలసిన మధ్యాహ్నం పుస్తకం మీదే తల వాలిపోతుంది. "ఎత్తకపోతే అమెరికా వెళ్లి మారిపోయింది అంటారు హజ్రత్."

ఆ మాట ఆమె ఏనాడూ తండ్రితో అనలేదు. మేము చెప్పాము. ఆయన తల వంచుకుని విన్నారు. మరుసటి రోజు అసర్ తర్వాత వచ్చి, "ఇంట్లో చెప్పేశాను. పరీక్ష అయ్యేదాకా శుక్రవారం ఒక్కరోజే, అదీ అమ్మాయి తానుగా చేస్తేనే. మిగతా రోజులు మగ్రిబ్ తర్వాత మేమే కూర్చుని ఆమె కోసం దుఆ చేసుకుంటాం" అన్నారు. ఆయన అడిగిన వజీఫా మా దగ్గర దొరకలేదు. ఆయనే తన ఇంట్లో దానిని కనుగొన్నారు.

ఈ వ్యాసం చదివే ఇళ్లలో నర్సింగ్ చదువుతున్న ఆడపిల్లలు ఉన్నారని మాకు తెలుసు. అమెరికా వెళ్లనక్కరలేదు. భారత నర్సింగ్ మండలి కూడా క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ కోసం రెండేళ్ల పీజీ కోర్సును రూపొందించింది. బీఎస్సీ నర్సింగ్ తర్వాత ఐసీయూ అనుభవం ఉన్నవారి కోసం ఉద్దేశించినది. అందులో అధికభాగం తరగతి గదిలో కాక రోగి మంచం పక్కనే సాగుతుంది. మీ అమ్మాయి అటువంటి చదువు మాట ఎత్తితే, మేము చేసిన పొరపాటు మీరు చేయకండి. అది ఏమిటో, దేనికో ముందు ఆమెనే అడగండి. తర్వాత ఆమె నిద్రపోయే వేళ ఏదో అడిగి, ఆ వేళ ఇంట్లో చప్పుడు లేకుండా చూడండి.

ఆ అమ్మాయి పరీక్ష వచ్చే మాసంలో ఉంది. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది. పాఠకులు తమ దుఆలో ఆమెను, ఆమె చేతికి రాబోయే రోగులను కూడా తలచుకోవలసిందిగా కోరుతున్నాము.