వినడమూ వైద్యమే!

తొండూరు నుంచి మీ అమ్మాయో, అబ్బాయో ఎంఎస్‌డబ్ల్యూ చదవడానికి యూనివర్సిటీకి వెళ్లారనుకుందాం. పాఠం జరుగుతుంటే ఫోన్‌లో రీల్స్, తోటి విద్యార్థి మాట్లాడుతుంటే వెటకారం, మేడమ్ వారిస్తే ఎదురు సమాధానం... ‘వయసు అలాంటిది’ అని తేలిగ్గా తీసుకోకండి.

సోషల్ వర్కర్ చేతిలో మందుండదు, స్టెతస్కోప్ ఉండదు. ఓపిగ్గా వినడమే వాళ్ల పనిముట్టు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కావాలంటే పీజీ తర్వాత మరో రెండేళ్ల ఎంఫిల్ చదవాలి. అంత చదివినా, చీనీ తోట ఎండిపోయి కుంగిపోయిన రైతు నోరు విప్పేలోపే మాటకు అడ్డుపడితే ఆయన లేచి వెళ్లిపోతాడు. క్లాసులో అలవడని ఓర్పు ఆసుపత్రిలో ఒక్కసారిగా రాదు.

ఆ ఓర్పుకు తొలి బడి ఇల్లే. భోజనాల దగ్గర ఫోన్లు పక్కన పెట్టండి. అవ్వ మాట పూర్తయ్యాకే జవాబివ్వడం నేర్పండి. ముందు మీరు అలా చేసి చూపండి.

నెమ్మదస్తుడైన బిడ్డ ఉన్నట్టుండి దురుసుగా మారితే, నిద్ర తగ్గితే మాత్రం తిట్టకండి. పక్కన కూర్చుని అడగండి. అవసరమైతే టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయండి. వాళ్లు వినాలంటే, ముందు వాళ్లను వినేవాళ్లు ఉండాలి కదా!