విరాళము ఏ ఖాతాలోనిది?



లయన్స్, రోటరీ వంటి సంఘములు ఛాయాచిత్రముల కొఱకే సేవ చేయుచున్నవని గత సంచికలో ఒక పాఠకుడు వ్రాసిన దానితో నేను ఏకీభవింపజాలను. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి చెంతనున్న మోరంచపల్లిని ముంచెత్తినప్పుడును, 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రముల నడుమ రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయినప్పుడును ఆయా జిల్లాల వాసులు ఎట్టి దుఃస్థితికి లోనైరో ఎల్లరకును విదితమే. అట్టి వేళ బియ్యము, దుప్పట్లు కూడబెట్టి చేరవేయుటకు ముందే ఏర్పడియున్న కూటమి ఊరికి అత్యావశ్యకము.

ఇక సొమ్ము మాట. ప్రజలిచ్చిన సొమ్ము ప్రజాసేవకే చెల్లవలయుననియు, నిర్వహణవ్యయము సభ్యుల చందాలనుండియే జరుగవలయుననియు లయన్స్ నియమము. రెండింటికిని ఖాతాలు వేఱు. శాలువల, ఫ్లెక్సీల ఖర్చు ఏ ఖాతాలో వ్రాసిరని అడుగుట దాత హక్కు. అడుగకయే నిందించుట న్యాయము కాదు.

1925లో హెలెన్ కెల్లర్ అంధుల పక్షమున లయన్స్‌ను అర్థించినది మొదలు నేత్రసేవ వారికి ప్రధానవ్రతమైనది. కంటి శిబిరమున ముదుసలిని చేయిపట్టి నడిపించి, చుక్కలమందు ఏ వేళ వేయవలయునో కోడలికి రెండు మారులు చెప్పి పంపు కార్యకర్త శ్రమ ఏ ఛాయాచిత్రమునకును అందదు.

జనగామ యువకులారా, వానకాలమునకు ముందే ఇట్టి సంఘములలో పేరు నమోదు చేసికొనుడు. దాతలారా, రసీదు అడిగి తీసికొనుడు.

ఇట్లు,
ఒక పాఠకుడు, జనగామ