కాలిలో ఇనుపముక్క ఉంది, కాగితంలో గాయం లేదు

మా వీధి చివరి ఇంట్లో తొంభై దాటిన పెద్దాయన ఒకరున్నారు. కొరియా యుద్ధంలో పనిచేశారు. ఎడమ తొడలో మోర్టార్ ముక్క ఒకటి ఇప్పటికీ ఉంది. ఎక్స్‌రేలో బియ్యపు గింజంత తెల్లగా కనిపిస్తుంది. సైన్యం నుంచి ఇంటికి పంపేటప్పుడు ఆయన చేతికిచ్చిన కాగితంలో మాత్రం, శత్రువుతో పోరులో తగిలిన గాయాలు అనే గడిలో, ‘లేవు’ అని టైపు కొట్టి ఉంది. దాని కింద ఆయన సంతకం కూడా ఉంది.

చదవకుండా సంతకం ఎందుకు పెట్టారని అడిగాను. “ఇంటికెళ్లే బస్సు బయట సిద్ధంగా ఉంది బాబూ” అన్నారు.

డెబ్బై ఏళ్లు ఆయన దాని జోలికి పోలేదు. భార్య పోయిన తర్వాత మనవరాలు పాత కాగితాలు సర్దుతుంటే ఆ గడి కంటపడింది. యుద్ధంలో గాయపడినవాళ్లకిచ్చే పర్పుల్ హార్ట్ పతకం తాతకు రావాలి కదా అని ఆ అమ్మాయి పట్టుబట్టింది. కంప్యూటర్ పని తెలిసిన పొరుగువాణ్ని కాబట్టి ఫారాలు నింపే బాధ్యత నాకొచ్చింది. రెండు శనివారాల పని అనుకుని ఒప్పుకున్నాను. ఆ తర్వాత ఎన్ని శనివారాలు గడిచాయో లెక్క పెట్టడం మానేశాను.

అమెరికా సైన్యం నుంచి బయటికొచ్చేవాళ్లకు ఇచ్చే ఆ కాగితాన్ని డీడీ-214 అంటారు. ఎప్పుడు చేరారు, ఎక్కడ పనిచేశారు, ఏ పతకాలు వచ్చాయి, ఏ విధంగా విడుదలయ్యారు అన్నీ అందులో ఉంటాయి. వైద్యం, ఇంటి అప్పు, చదువు ఖర్చు, చివరికి సైనిక శ్మశానంలో చోటు, ఏది కావాలన్నా ముందు అడిగేది ఇదే. పర్పుల్ హార్ట్ ఉన్నవారికి మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ప్రాధాన్యం కూడా ఉంటుంది. అంటే ఇది గోడకు తగిలించుకునే రిబ్బను గొడవ మాత్రమే కాదు.

తప్పు చిన్నదై, ఫైల్లో ఆధారం ఉంటే డీడీ-215 అనే సవరణ కాగితం ఇచ్చేస్తారు. అలా కాకపోతే డీడీ-149 ఫారం నింపి రికార్డుల సవరణ బోర్డుకు పెట్టుకోవాలి. ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. బోర్డు సభ్యులు యూనిఫాం వేసుకున్న అధికారులు కారు, పౌరులు. ఒకప్పుడు ఇలాంటి సవరణ కావాలంటే కాంగ్రెస్‌లో ఆ ఒక్క మనిషి కోసం ప్రత్యేకంగా బిల్లు పెట్టాల్సి వచ్చేది. 1946లో వచ్చిన చట్టం ఆ బిల్లులను ఆపేసి ఈ బోర్డులకు దారి తీసింది. తప్పు దిద్దడానికీ, అన్యాయం తొలగించడానికీ అన్న రెండు మాటలూ చట్టంలో ఉన్నాయి. ఆ రెండో మాట నాకు బాగా నచ్చింది. ఆచరణలో అది ఎక్కడికి పోతుందో తర్వాత తెలిసింది.

బోర్డు ఆధారాలు అడుగుతుంది. ఆధారాలు ఉండాల్సిన చోటు సెయింట్ లూయిస్ దగ్గరి సైనిక రికార్డుల కేంద్రం. 1973 జూలై 12న అక్కడ ఆరో అంతస్తులో అగ్నిప్రమాదం జరిగింది. సుమారు 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల ఫైళ్లు కాలిపోయాయి. 1912 నవంబరు నుంచి 1960 జనవరి 1 మధ్య ఆర్మీ నుంచి విడుదలైనవారి ఫైళ్లలో దాదాపు 80 శాతం పోయాయి. వాటికి నకళ్లు తీసి పెట్టలేదు. ఏ ఫైలు అక్కడ ఉందో చెప్పే సూచిక కూడా లేదు. మంటల్ని ఆర్పే స్ప్రింక్లర్లూ లేవు. బ్యాకప్ లేని సర్వర్ గురించి వింటే మా వృత్తిలో వాళ్లకు ఒంట్లో ఒణుకు పుడుతుంది. ఇక్కడ పోయింది రెండు ప్రపంచ యుద్ధాల, కొరియా యుద్ధపు మనుషుల జీవితాలు.

మా పెద్దాయన ఫైలు అందులో పోయింది. అక్కడి సిబ్బందిని తప్పు పట్టను. కాలిన ఫైళ్ల స్థానంలో వేరే దారుల్లో సమాచారం వెతికి పెట్టడానికి అక్కడ ప్రత్యేకంగా ఏర్పాటే ఉంది. జీతం చెల్లించిన రసీదులు చూస్తారు. ప్రతి దళమూ రోజూ పొద్దున రాసే హాజరు నివేదికలు చూస్తారు. సర్జన్ జనరల్ కార్యాలయం వారి పాత ఆసుపత్రి చేరికల జాబితా ఒకటి 1988లో వెలుగులోకి వచ్చింది, 1942-45, 1950-54 సంవత్సరాలది. అందులో పేర్లు ఉండవు, సర్వీసు నంబర్లే ఉంటాయి. నంబరు గుర్తులేనివాడికి అదీ లేదు. మా పెద్దాయనకు పొద్దున తిన్నది గుర్తుండదు గానీ ఆ నంబరు మాత్రం నిద్రలో అడిగినా చెబుతారు.

చివరికి మా చేతికి చిక్కినవి మూడు. దళం హాజరు నివేదికలో ఆయన పేరు ఎదురుగా ‘ఆసుపత్రికి’ అని ఒక ముక్క. ఎందుకో లేదు. జ్వరమొచ్చినా అదే మాట రాస్తారు. రెండోది, జపాన్‌లోని సైనిక ఆసుపత్రి నుంచి వాళ్లమ్మకు రాసిన ఉత్తరం. కాలు బాగానే ఉంది, బెంగపెట్టుకోవద్దు అని అందులో ఉంది. అమ్మ భయపడకూడదని మోర్టార్ మాటే ఎత్తలేదు. కన్నతల్లికి చెప్పిన ఆ చిన్న అబద్ధం ఇప్పుడు ఆయన మీదకే వచ్చింది. మూడోది నిరుడు తీసిన ఎక్స్‌రే.

నేను రాయదలచుకున్న అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది. సవరణ బోర్డు నియమం ప్రకారం, ప్రభుత్వం రాసిన రికార్డు సరైనదే అన్న భావనతో విచారణ మొదలుపెట్టాలి. తప్పని నిరూపించే భారం దరఖాస్తుదారుది. అదీ రెండు పక్కలా తూచితే తనవైపు మొగ్గేంతగా నిరూపించాలి. ఇదే ప్రభుత్వంలో మరో గుమ్మం ఉంది, వీఏ అని అందరూ పిలిచే మాజీ సైనికుల శాఖ. అక్కడ వైకల్య పరిహారం అడిగితే చట్టం వేరేలా మాట్లాడుతుంది. ఇరువైపులా సాక్ష్యం సమానంగా ఉంటే సందేహపు లాభం సైనికుడికే ఇవ్వాలి. పోరాటంలో ఉన్నవాడైతే, ఆ పరిస్థితులకు పొసిగే మాట అయినప్పుడు, అధికారిక రికార్డు లేకపోయినా అతని వాంగ్మూలానికే విలువ ఇస్తారు. ప్రభుత్వం దగ్గరే ఫైలు కాలిపోతే సాయం చేసే బాధ్యత మరింత పెరుగుతుందని కోర్టులు కూడా చెప్పాయి.

ఒకే మనిషి, ఒకే తొడ, ఒకే ఇనుపముక్క. ఒక గుమ్మంలో సందేహం ఆయనకు చుట్టం, రెండో గుమ్మంలో శత్రువు.

గడువుల విషయం చూస్తే ఇంకా విడ్డూరం. తప్పు తెలిసిన మూడేళ్లలోపు సైనికుడు దరఖాస్తు పెట్టుకోవాలి. దాటితే, న్యాయం కోరుతోందని బోర్డు అనుకుంటే మన్నిస్తుంది. బోర్డుకూ గడువు ఉంది. నూటికి తొంభై దరఖాస్తులు పది నెలల్లో తేల్చాలి, ఏదీ పద్దెనిమిది నెలలు దాటకూడదు. మరి దాటితే? ఆలస్యం కారణంగా దరఖాస్తుదారుకు ఎలాంటి మొగ్గూ రాదని అదే చట్టం చెబుతోంది. తొంభై దాటిన మనిషి విషయంలో పద్దెనిమిది నెలలంటే ఏమిటో ఆ వాక్యం రాసినవాళ్లు ఆలోచించారా అన్నది నా అనుమానం.

మా వృత్తిలో జూనియర్లకు మొదట నేర్పేది ఒకటుంది. డేటాబేస్‌లో ఖాళీగా ఉన్న గడి వేరు, ‘కాదు’ అని ఉన్న గడి వేరు. ఖాళీ అంటే తెలియదని అర్థం. దాన్ని ‘కాదు’గా చదివిన ప్రోగ్రాం తప్పుడు జవాబిస్తుంది, మళ్లీ దాన్ని నమ్మకంగా ఇస్తుంది. కాలిన ఫైలు ‘తెలియదు’ మాత్రమే. దాన్ని ‘జరగలేదు’ అని చదవడమే ఇప్పుడు జరుగుతున్నది. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మకు ఈ కథంతా చెబితే ఒక్క మాటే అంది. “కాగితంలో లేకపోతే కాలిలో కూడా లేదంటారట్రా?” ఆమెకిది కొత్త కాదు. ఆమె పుట్టినరోజు బళ్లో హెడ్మాస్టరు గారు తోచినట్టు వేసినది. పాస్‌పోర్టు నుంచి వీసా దాకా ఇప్పటికీ ఆ తారీఖే నడుస్తోంది. మన దేశంలో సైన్యాధిపతిగా చేసిన జనరల్ వి.కె.సింగ్‌కే పుట్టిన సంవత్సరం 1950 అని ఒక చోట, 1951 అని మరో చోట ఉండి, ఆ తగాదా 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆయనే పిటిషన్ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. జనరల్ సంగతే అలా ఉంటే జవాను మాట ఏం చెప్పాలి.

అడిగినవాళ్లందరికీ పతకాలిచ్చేయమని అనడం లేదు. లేని పతకాలు చెప్పుకు తిరిగేవాళ్లు ఈ దేశంలో తక్కువేం లేరు. వాటితో లబ్ధి పొందితే నేరమని 2013లో చట్టమే చేయాల్సి వచ్చింది. పతకం విలువ కాపాడాలంటే జల్లెడ ఉండాల్సిందే. నేననేది ఒక్కటే. రికార్డు పోవడంలో సైనికుడి తప్పు లేదని, ప్రభుత్వ కేంద్రంలోనే కాలిందని తేలిన కేసుల్లోనైనా సవరణ బోర్డు కూడా వీఏ పాటించే సూత్రాన్నే పాటించాలి. సాక్ష్యం సమానంగా తూగితే సైనికుడి మాటే నెగ్గాలి. దానికి కాంగ్రెస్‌లో పెద్ద యుద్ధం అక్కర్లేదు, ఉన్న చట్టంలో ఒక వాక్యం చాలు. మన ఓట్లున్న జిల్లాల్లో ఫండ్‌రైజర్లకు పిలిచి దండలు వేసే ప్రతినిధుల్ని ఈ ఒక్క వాక్యం అడగొచ్చు.

వేవర్లీ వుడ్సన్ కథ చూడండి. నల్లజాతి వైద్య సైనికుడు. 1944 జూన్ 6న ఒమాహా బీచ్‌లో తనకే గాయాలై ఉండి గంటల తరబడి ఇతరులకు చికిత్స చేశాడు. ఆయన ఫైలూ 1973 మంటల్లో పోయింది. ఆయన 2005లో కన్నుమూశారు. భార్య, పిల్లలు, కొందరు చట్టసభ సభ్యులు ఏళ్ల తరబడి పట్టువదలకుండా అడిగితే 2024లో డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ ప్రకటించారు. కుటుంబం అడిగింది అంతకన్నా పెద్దదైన మెడల్ ఆఫ్ ఆనర్. అలా పోరాడే ఇంటివాళ్లు అందరికీ ఉండరు.

ఇదంతా మనకెందుకు అనేవాళ్లు ఉంటారు. మన గొడవ ముందు నుంచీ ఉంది. భగత్ సింగ్ థింద్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసి గౌరవంగా విడుదలైనా, 1923లో సుప్రీంకోర్టు ఆయనకు పౌరసత్వ అర్హత లేదంది. చివరికి 1936లో ఆయనకు పౌరసత్వం దక్కింది, ఆ యుద్ధంలో పనిచేసిన మాజీ సైనికుల కోసం అంతకు ముందు ఏడాది చేసిన చట్టం వల్ల. అంటే ఆయన్ని గట్టెక్కించింది సైనిక సేవ రికార్డే. మిలటరీ మాధవరం లాంటి ఊరు ఉన్న గోదావరి సీమ నుంచి వచ్చినవాళ్లం, సైన్యం మనకు పరాయిది కాదు. ఇక్కడా మన పిల్లలు యూనిఫాం వేసుకుంటున్నారు, కొందరు గ్రీన్‌కార్డు మీదే చేరుతున్నారు.

వాళ్ల విషయంలో ఇంకో చిక్కు మన పేర్లు. ఇంటిపేరు ముందు, రెండు ముక్కల పేరు వెనక. సైన్యం ఫారంలో అది తలకిందులై ఒక ముక్క రాలిపోతే, పౌరసత్వ పత్రంలో ఒక మనిషి, డీడీ-214లో ఇంకో మనిషి అవుతారు. దాన్ని మొదటి వారంలో సరిచేయించుకుంటే ఒక సంతకంతో పోతుంది. ఇంకోటి, డీడీ-214 ప్రతులు ఒకటి కన్నా ఎక్కువ ఉంటాయి. విడుదల ఏ రకమో, ఎందుకో చూపించే పూర్తి ప్రతి, ‘మెంబర్ 4’ అంటారు, అదే దాచుకోవాలి. గాయమైతే చికిత్స కాగితాల నకలు అప్పుడే తీసుకోవాలి. అమ్మకు రాసే ఉత్తరంలో కూడా నిజమే రాయమని చెప్పాలేమో!

మా పెద్దాయన దరఖాస్తు పెట్టి పదకొండు నెలలైంది. పోస్టు బండి మలుపు తిరిగే వేళకు వరండాలో కూర్చుని ఉంటారు. నేను కనిపిస్తే ఏమీ అడగరు, చెయ్యి ఊపుతారు.

మొన్న గుడిలో ఒకాయన కలిశారు. ఆయన కొడుకు నాలుగేళ్లు ఆర్మీలో చేసి వచ్చే నెల బయటికొస్తున్నాడు. సంతకం పెట్టక ముందు డీడీ-214 ముసాయిదా చూపిస్తారని, అది గడి గడి చదవమని చెప్పండి అన్నాను. ఆయన నవ్వేశారు. “వాడికంత ఓపికెక్కడిదండీ, ఎప్పుడు ఇంటికొచ్చి పులిహోర తిందామా అని చూస్తున్నాడు.”

అయితే నాకు పంపమనండి, నేను చదువుతానన్నాను.