కరెంటు మీద నింద

కొత్తగా కట్టించిన కంప్యూటర్లో గేము తడబడుతూ నడిస్తే పలాస నుంచి టెక్కలి దాకా వినిపించే తీర్పు ఒక్కటే. “లో ఓల్టేజీ బాబూ, మన ఉద్దానంలో కరెంటింతే. స్టెబిలైజర్ పెట్టించు.” మరీ జాగ్రత్తపరులు సముద్రపు ఉప్పుగాలిని కూడా ముద్దాయిల్లో కలిపేస్తారు. కుర్రాడు అప్పటికే గ్రాఫిక్స్ కార్డుకు ఇంట్లో పోరి డబ్బు తెచ్చుకుని ఉంటాడు. ఇప్పుడు స్టెబిలైజర్‌కూ అడగాలి. ఆ డబ్బు దండగ.

ఈ అనుమానం ఊరికే పుట్టలేదని ఒప్పుకుంటాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలతోపాటు కరెంటు స్తంభాలూ కూలాయి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వైపు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అది చూసినవాళ్లు ఏ తేడా వచ్చినా ముందు కరెంటునే అనుమానిస్తారు. పైగా ఓల్టేజీ పడితే సీలింగ్ ఫ్యాను నీరసపడటం ఇంటింటా తెలిసిందే. ఫ్యాను నెమ్మదించింది కాబట్టి కంప్యూటరూ నెమ్మదిస్తుందన్న దగ్గరే లెక్క తప్పింది.

ఫ్యాను మోటారుకు గోడ కరెంటు నేరుగా వెళ్తుంది. కంప్యూటర్లోని చిప్‌లకు అది సోకనే సోకదు, మధ్యలో ఎస్‌ఎంపీఎస్ ఉంది. మంచి ఎస్‌ఎంపీఎస్ 100 నుంచి 240 వోల్టుల దాకా ఏది వచ్చినా 12 వోల్టుల డీసీగా మార్చి, అయిదు శాతానికి మించి తేడా రాకుండా లోపలికి పంపుతుంది. ఇంటికి రావాల్సిన 230 కాస్తా 180కి దిగినా దానికి ఖాతరు లేదు. ప్రాసెసర్ వేగానికి తాళం వేసేది మదర్‌బోర్డు మీది క్వార్ట్జ్ స్ఫటికం, వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ కాదు. ఓల్టేజీ మరీ పడిపోతే కంప్యూటర్ ఆగిపోతుంది, లేదా రీస్టార్ట్ అవుతుంది. అంతేగానీ 60 ఫ్రేములు రావాల్సిన చోట 25 ఇస్తూ గంటల తరబడి బుద్ధిగా నడవదు. నమ్మకం కుదరకపోతే అర్ధరాత్రి, ఓల్టేజీ నిండుగా ఉన్నప్పుడు అదే గేమును అవే సెట్టింగుల్లో ఆడి చూడండి. అప్పుడూ 25 దగ్గరే ఉంటే లైన్‌మ్యాన్‌ని వదిలేయండి.

ఉప్పుగాలి సంగతి ఇంకా తేలిక. తీరంలో లోహానికి చిలుము పట్టడం నిజమే, కానీ దానికి కాలం పడుతుంది. నిన్న డబ్బా విప్పిన బోర్డు మీద ఆ నేరం మోపలేం.

అసలు దొంగ తరచుగా క్యాబినెట్ వెనకాలే ఉంటాడు. మానిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకు కాక, పైనున్న మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి గుచ్చేస్తారు. ప్రాసెసర్లోనే చిన్న గ్రాఫిక్స్ ఉంటే బొమ్మ వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. వేలు పోసి కొన్న కార్డు ఊరికే కూర్చుంటుంది. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ కొన్నవాడు ఈ విషయంలో అదృష్టవంతుడు. తప్పుగా గుచ్చితే తెరే వెలగదు, తప్పు వెంటనే దొరికిపోతుంది.

తర్వాత ర్యామ్. 3200 అని స్టిక్కరున్న డీడీఆర్4 ర్యామ్ చాలా బోర్డుల్లో పెట్టగానే 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తుంది. బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తేగానీ కొన్న వేగం రాదు. పలాసలో జీడిపప్పు కొనేవాడు డబ్ల్యూ 240 అని చెప్పి డబ్ల్యూ 320 అంటగడితే ఊరుకుంటాడా? ర్యామ్ దగ్గర మాత్రం స్టిక్కరు చూసి సంతోషిస్తాం. టాస్క్ మేనేజర్ తెరిస్తే అసలు వేగం కనపడుతుంది. 16 జీబీ ఒకే ముక్కగా కొనడం మరో పొరపాటు. 8 జీబీవి రెండు తీసుకుని, నాలుగు స్లాట్లున్న బోర్డయితే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టాలి. ప్రాసెసర్లోని గ్రాఫిక్స్ మీదే ఆడేవాళ్లకు ఈ తేడా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. 144 హెర్ట్జ్ మానిటర్‌ను విండోస్ 60 దగ్గరే వదిలేయడం, కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించేయడం కూడా జరుగుతుంటాయి. ఆ పొర ఉంటే ప్రాసెసర్ వంద డిగ్రీల దగ్గరికి వెళ్లి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు వినిపించే మాట, “ఎండలు అలా ఉన్నాయి మరి.”

కరెంటుతో పేచీ అసలే లేదని కాదు. 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లే మోస్తుంది. పెద్ద కార్డు ఒక్కసారి లాగితే గేము మధ్యలో మొత్తం ఆరిపోతుంది. ఊరూపేరూ లేని చవక ఎస్‌ఎంపీఎస్ కూడా అంతే చేస్తుంది. అక్కడ డబ్బు పెట్టండి, కాదనను. కానీ అది ఆరిపోయే జబ్బు, నెమ్మదించే జబ్బు కాదు.

ఫ్రేములన్నీ సరిగ్గా ఉండి, వాలరెంట్‌లో మనిషి మాత్రం గెంతుతూ కదిలితే చూడాల్సింది పింగ్. సర్వర్ ముంబైలో, ఆటగాడు టెక్కలిలో, మధ్యలో ఇంట్లోవాళ్లంతా వీడియోలు చూస్తున్న వైఫై. దానికీ గ్రాఫిక్స్ కార్డు మార్చమని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికే బయల్దేరారు.