గరకకు నీళ్లు పెట్టిన ఐదు నెలలు

ఈసారి పోస్టు పంట మీద కాదు, గడ్డి మీద. కొంచెం పొడుగ్గా ఉంటది, ఓపికతో చదవండి.

మొన్న రాత్రి మా బిడ్డ అమెరికా నుంచి ఫోన్ చేసింది. వాళ్లుండేది డల్లాస్ దగ్గర. కాలనీ అసోసియేషన్ నుంచి మళ్లీ నోటీసు వచ్చిందట. ఇంటి ముందు గడ్డి ఎత్తు పెరిగింది, దారి అంచు వెంట కత్తిరించలేదు, పది రోజుల్లో సరిచేయకుంటే జరిమానా అని. అల్లుడు ఆఫీసు పని మీద వేరే ఊరు పోయిండు. బిడ్డకు ఎనిమిదో నెల. "నాయినా, నువ్వున్నప్పుడు ఈ తిప్పలు లేకుండె" అన్నది. నవ్వుకుంటనే అన్నది గానీ నాకు నవ్వు రాలేదు.

2023 ఎండాకాలం నేను, మా ఇంటామె అక్కడ ఐదు నెలలు ఉన్నం. పోయిన నాలుగో రోజు అల్లుడు నన్ను బయటికి తీసుకపోయి గడ్డి కోసే మిషన్ చూపించాడు. ఖాళీగా కూర్చోలేని మనిషిని కదా, ఇగ పని దొరికిందని సంతోషపడ్డ. వంగి గడ్డిని పట్టి చూస్తే గరక! "ఇది బెర్ముడా గ్రాస్ మామా" అన్నాడు అల్లుడు. బెర్ముడా ఏంది, గణుపు గణుపుకు వేరు దించుకుంట పాకే గరకను నేను గుర్తుపట్టనా? ఫోన్‌లో చూస్తే శాస్త్రం పేరు సైనోడాన్ డాక్టిలాన్. వినాయకుడికి పెట్టే గరకదీ అదే పేరు. అక్కడోళ్లు కొంచెం సన్నగా, మెత్తగా ఉండే రకాలు తయారు చేసుకున్నరు, అంతే తేడా.

చేన్ల గరక పడితే ఏమైతదో మీకు చెప్పాల్సిన పని లేదు. ఎండాకాలం లోతుగా దున్ని, కట్టెపల్గులు తేలిన వేర్లు ఏరి కుప్పబోసి కాల్చినా మళ్ల వానకు లేస్తది. మా నాయిన కాలం నుంచి నేను పీకుతున్న గరకకు అక్కడ పొద్దున్నే లేచి స్ప్రింక్లర్ తిప్పిన. నా కర్మ అనుకున్న.

లెక్క కట్టిన. ముందు వెనక కలిపి వాళ్ల గడ్డి మూడు గుంటలు ఉంటది. ఎండల్లో వారానికి ఒక అంగుళం నీళ్లు కావాలంటరు. మూడు గుంటలకు అంగుళం అంటే 7,700 లీటర్లు, మన లెక్కలో ట్యాంకరున్నర. ఒక్క ఇంటికి, ఒక్క వారానికి. ఎరువు వేసినప్పుడల్లా మూడు కిలోల యూరియాలో ఉండేంత నత్రజని పోతది. 2025 వానాకాలం మనం యూరియా కోసం సొసైటీల ముందర చెప్పులు లైన్ల పెట్టి నిలబడ్డది యాదికొస్తే ఇప్పటికీ మనసు ఎట్లనో అయితది. సరే, ఇంత చేసి పండించేది ఏంది? నీళ్లు పెట్టి ఎరువేసి పెంచుడు, పెరిగిందని కోసుడు, కోసింది సంచిల నింపి చెత్తబండికి ఇచ్చుడు. ఒక గొర్రె నోట్లోకి కూడా పోదు.

నాసాలో పనిచేసిన క్రిస్టినా మిలేసి అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్లు ఉపగ్రహం ఫొటోలతో లెక్కగట్టి 2005లో ఒక పరిశోధన ఇచ్చారు. అమెరికాలో గడ్డి పరిచిన నేల దాదాపు 4 కోట్ల ఎకరాలట. నీళ్లు పెట్టి పండించే మక్క కన్నా మూడింతలు.

తెలియనోళ్లకు ఆ అసోసియేషన్ సంగతి చెప్తా. ఇల్లు నీదే, జాగ నీదే. కానీ కొనేటప్పుడే కాలనీ షరతుల కాగితాలు ఇల్లుతో పాటే వస్తయి. గడ్డి ఎత్తు, గోడ రంగు, చెత్తడబ్బా ఏ రోజు బయట పెట్టాలె, అన్నీ అందులో ఉంటయి. టెక్సాస్‌లో అసోసియేషన్ చందా కట్టకపోతే ఇల్లు వేలానికి కూడా పోవచ్చు. ఒట్టి జరిమానా బాకీకి మాత్రం వేలం వేయొద్దని చట్టం ఉంది, అంతవరకు నయం. ఫ్లోరిడాలో అయితే 2008లో ఒక పెద్దమనిషి ఇంటిముందు గడ్డి ఎండిపోతే, కొత్త గడ్డి వేయమన్న కోర్టు మాట చేయలేదని జైల్ల పెట్టారు. చుట్టుపక్కలోళ్లు వచ్చి గడ్డి పరిచినంక బయటికొచ్చాడు.

ఈ పద్ధతి ఇంతగా ఎట్ల పాకిందో చూస్తే, 1947 నుంచి న్యూయార్క్ పక్కన లెవిట్‌టౌన్ అని వేల ఇండ్లు వరసగా కట్టారు. వారం వారం గడ్డి కోయాలని అక్కడి ఒప్పందాల్లోనే రాశారు. తెల్లోళ్లు తప్ప వేరేవాళ్లు ఉండొద్దని కూడా రాశారు. అట్లాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని వాళ్ల సుప్రీంకోర్టు 1948లో చెప్పింది. ఆ ముక్క పోయింది, గడ్డి ముక్క మిగిలింది. ఇప్పుడు అదే గడ్డిని మన పిల్లలు కోస్తున్నరు.

నేను కూడా ఒక తప్పు చేసిన. ఇంటిముందు రెండు గజాల జాగల గరక పీకి గోంగూర ఇత్తనాలు వేసిన. జానెడు లేచిందో లేదో ఫొటోతో సహా ఉత్తరం వచ్చింది. అల్లుడు ఏమనలేదు గానీ ముఖం చిన్నబోయింది. తెల్లారే పీకి, వెనక చెక్క కంచె చాటుకు మార్చిన. అక్కడ ఎంత పండినా ఎవ్వరూ అడగలేదు.

ఇంకో విచిత్రం ఏందంటే, చలికాలం వస్తే ఆ గరక మొత్తం ఎండుగడ్డి రంగుకు మారుతది. అప్పుడు ఎవరికీ నోటీసు రాదు, ఎందుకంటే అందరిదీ ఎండినట్టే ఉంటది. అంటే ఎండుడు తప్పు కాదు, పక్కింటిది పచ్చగా ఉన్నప్పుడు నీది ఎండుడు తప్పు.

అట్లని అసోసియేషన్లే వద్దని నేననను. పదిమంది ఒక మాట మీద ఉంటే ఎంత సాగుతదో అక్కడ కండ్లార చూసిన. మన ఊర్ల కాలువల పూడిక తీయమంటే ఎవనికి వాడు పక్కోని దిక్కు చూస్తడు. కానీ మనకూ ఒకప్పుడు చెరువు కింద నీరటి ఉండె. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు, ఎంతసేపు అని ఆయన తిప్పేటోడు, పెద్దరైతు కూడా ఆయన మాట వినేటోడు. అది ఉన్న నీళ్లను పంచుకునే రూలు. వీళ్లది నీళ్లు లేకున్నా పారబెట్టాల్సిన రూలు. ఒక దిక్కు ఊరోళ్లు నీళ్లు పొదుపు చేయమంటరు, ఇంకో దిక్కు కాలనీవాళ్లు పచ్చగా ఉంచమంటరు. మధ్యల ఇంటాయన నలుగుతడు.

అక్కడివాళ్లకూ ఇది ఎరుకైంది. నీళ్లు తక్కువ తాగే మొక్కలు పెట్టుకుంటమంటే అసోసియేషన్ అడ్డుపడొద్దని టెక్సాస్‌లో 2013లోనే చట్టం చేశారు. కాకపోతే ముందు ప్లాన్ చూపించి ఒప్పించుకోవాలె. నీళ్ల మీద ఆంక్షలున్నప్పుడు గడ్డి ఎండిందని జరిమానా వేయొద్దని 2025లో ఇంకో చట్టం వచ్చింది. మేరీలాండ్‌లో కూడా గడ్డే ఉండాలని పట్టుబట్టొద్దని 2021లో చేశారు. ప్రసవం అయి తేరుకున్నంక ప్లాన్ కాగితం పెట్టమని బిడ్డకు చెప్పిన. ఇప్పటికైతే గడ్డి కోసే మనిషిని పిలిపించుకోమన్న. పైసలు పోతే పోయినయి.

ఇదంతా ఎందుకు రాస్తున్ననంటే, మా చేవెళ్ల దిక్కు కూడా ఈ గడ్డి వచ్చింది. నా చేను పక్కన నాలుగేండ్ల కింద టమాట, క్యారెట్ పండిన భూమిల ఇప్పుడు విల్లాలు లేచినయి. లారీల్ల గడ్డి చాపలు తెచ్చి పరిచారు, నాలుగు బోర్లు వేశారు. నా బోరు పోయిన మార్చిల గంటకోసారి ఆగి ఆగి పోసింది. అందరికీ అవే బోర్లు కారణమని రుజువు చేయలేను, వానలు కూడా తక్కువే పడ్డయి. కానీ ఏప్రిల్ మధ్యాహ్నం నా టమాట తల వాల్చి ఉంటే గోడ అవతల స్ప్రింక్లర్లు తిరుగుతున్న చప్పుడు వినపడుతుండె.

వాళ్ల కమిటీల ఒకాయన నా దగ్గర కూరగాయలు కొంటడు, మంచి మనిషి. కొత్త రూల్స్ రాస్తున్నరట. ప్రతి విల్లా ముందర లాన్ తప్పనిసరి అని పెడదామనుకుంటున్నరని మాటల్ల చెప్పాడు. నేను అప్పుడు ఊకున్న. వచ్చే ఆదివారం కూరగాయలు ఇయ్యబోయినప్పుడు ఆయన్ని ఒక్కసారి గోడ ఇవతలికి రమ్మంట, నా బోరు ఎట్ల పోస్తున్నదో చూపిస్త. ఆ తర్వాత గడ్డికి బదులు వాననీళ్ల గుంత తప్పనిసరి అని రాసుకోమని అడుగుత. ఏమన్నరో మళ్ల పోస్టు పెడత.